ముక్కలు తెరిచి ఆడిన పోకర్

పోకర్ నేర్పమని అడిగినప్పుడు మా బాబాయి పెట్టిన షరతు ఒక్కటే: డబ్బు పెట్టి ఆడకూడదు. ఎన్నో ఏళ్లు సరుకుల ఓడల్లో ఉద్యోగం చేసి వచ్చిన మనిషి ఆయన. ఒడ్డు కనపడని రోజుల్లో, డ్యూటీ అయ్యాక, రకరకాల దేశాలవాళ్లతో కూర్చుని ఆడిన ఆట ఇది. ఒకరి భాష ఇంకొకరికి సగమే తెలిసేదట. కాల్ (ఎదుటివాళ్లంత పెట్టడం), రెయిజ్ (పందెం పెంచడం), ఫోల్డ్ (ముక్కలు పడేయడం) అన్న మూడు మాటలతోనే గంటలు గడిచిపోయేవట. అదే బల్ల దగ్గర నెల జీతమంతా ఒక్క రాత్రిలో పోగొట్టుకుని, మర్నాడు తలెత్తకుండా పనిలోకొచ్చినవాణ్ణి కూడా చూశానన్నాడు. "ముందు ఆటని ఇష్టపడండి, చాలు" అని ఓడ నుంచి తెచ్చుకున్న ప్లాస్టిక్ చిప్స్ (డబ్బుకి బదులు వాడే బిళ్లలు) డబ్బా తెరిచి, తెల్లవీ ఎర్రవీ నీలంవీ నలుగురికీ సమానంగా పంచాడు. బాబాయి, పిన్ని, అన్నయ్య, నేను. సెలవులంతా ఆ బల్ల దగ్గరే గడిచాయి. ఇన్నేళ్లయినా పోకర్ అంటే నాకు గుర్తొచ్చేది ఆ నలుగురమే.

2003 తర్వాతి రోజులవి. ఆ ఏడాది లాస్ వెగాస్‌లో వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ప్రధాన పోటీని క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంటు గెలిచాడు. అతనికి ఆట వృత్తి కాదు. ఇంటర్నెట్‌లో చిన్న రుసుముతో జరిగే అర్హత పోటీలో నెగ్గి, ఆ దారిలో అక్కడికి చేరాడు. 839 మందిలో చివరిదాకా నిలబడి 25 లక్షల డాలర్లు గెలిచాడు. మరుసటి ఏడాది అదే పోటీకి 2,576 మంది వచ్చారు. అన్నయ్య ఆ పోటీని టీవీలో చూశాడు. చివరికి మిగిలిన ఇద్దరిలో రెండోవాడు శామ్ ఫర్హా, ఆరితేరిన ఆటగాడు. చేతిలో చెప్పుకోదగ్గది ఏమీ లేకుండానే మనీమేకర్ తన చిప్స్ అన్నీ ముందుకు తోసి, జత ఉన్న ఫర్హా చేత ముక్కలు పడేయించిన ఆట అన్నయ్యకి కంఠతా వచ్చు. అందుకే మొదటి రోజే బ్లఫ్, అంటే అలా లేనిది ఉన్నట్టు నమ్మించడం, నేర్పమన్నాడు.

"ఒరే, ఆ ఆట నీకంత నచ్చడానికి కారణమేంటి?" అని అడిగాడు బాబాయి.

"అతని దగ్గర ఏమీ లేదని నాకు తెలుసు బాబాయ్, ఫర్హాకి తెలీదు."

"నీకెలా తెలిసింది? బల్ల దగ్గర పెట్టిన చిన్న కెమెరా ఇద్దరి ముక్కలూ నీకు చూపించింది. అది లేకపోతే ఇద్దరు మనుషులు ఊరికే కూర్చున్నట్టే ఉండేది నీకు. అందుకని మనం కొన్నాళ్లు అన్నీ తెరిచే ఆడదాం."

అలా మొదలైంది మా ఆట. పంచిన ముక్కలు బోర్లించకుండా అందరి ముందూ వెల్లకిలా పెట్టేవాళ్లం. ఎవరి వంతు వస్తే వాళ్లు ఏం చేస్తారో, ఎందుకు చేస్తారో పైకి చెప్పాలి. మిగతావాళ్లు ఒప్పుకోవచ్చు, వాదించొచ్చు. పోకర్ నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి పద్ధతి ఇంకోటి ఉందనుకోను. కొత్తగా నేర్చుకునేవాళ్లు నా దగ్గరికి వస్తే ఇప్పటికీ ఇలాగే మొదలుపెడతాను.

మేం ఆడింది టెక్సస్ హోల్డెమ్. టెక్సస్‌లో పుట్టి, 1960లలో లాస్ వెగాస్ చేరిన ఆట అది. నియమాలు చెప్పడానికి బాబాయికి పెద్దగా సమయం పట్టలేదు. ఒక్కొక్కరికీ రెండేసి ముక్కలు. ఆ తర్వాత బల్ల మధ్యలో అందరికీ ఉమ్మడిగా మొదట మూడు ముక్కలు, అది ఫ్లాప్. తర్వాత ఒకటి, టర్న్. ఆఖరున ఇంకొకటి, రివర్. చేతిలోని రెండూ మధ్యలోని ఐదూ కలిపి ఏడింటిలోంచి మంచి ఐదు ఏరుకోవాలి. ముక్కలు పంచాక ఒకసారి, ఫ్లాప్ తర్వాత, టర్న్ తర్వాత, రివర్ తర్వాత ఒక్కోసారి, మొత్తం నాలుగు విడతల పందెం. బటన్ అనే చిన్న బిళ్ల పంచేవారి ముందు ఉంటుంది, ప్రతి ఆటకీ ఎడమవైపు ఒక మనిషి జరుగుతుంది. బటన్‌కి ఎడమ పక్కనున్న ఇద్దరూ ముక్కలు చూడకముందే కొన్ని చిప్స్ పెట్టాలి. వాటిని బ్లైండ్స్ అంటారు.

ప్రతి నియమానికీ మేం కారణం అడిగేవాళ్లం. ఆయనకి చెప్పడం ఇష్టం. చూడకుండా చిప్స్ ఎందుకు పెట్టాలి? పెట్టకపోతే రెండు ఆసులు వచ్చేదాకా ఎవరూ ఆడరు, ఆడకుండా కూర్చున్నందుకు ఎవరికీ ఖర్చుండదు. ఫ్లాప్ వేసేముందు కట్ట మీది ముక్కని చూడకుండా పక్కన పెట్టేస్తారెందుకు? పందెం సాగుతున్నంతసేపూ ఆ పై ముక్క వీపు అందరికీ కనపడుతూ ఉంటుంది. దాని మీద మరకో మడతో ఉండి ఎవరైనా గుర్తుపట్టినా, ఆ ముక్క ఆటలోకి రాదు. బాబాయి కట్టలో డైమను తొమ్మిదికి నిజంగానే ఒక మూల నలిగి ఉండేది. అది పైకి వచ్చినప్పుడల్లా నలుగురం ఒకేసారి గుర్తుపట్టేవాళ్లం, బాబాయి దాన్ని తీసి పక్కన పెట్టేసేవాడు. ఆ నియమం మళ్లీ ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

ఏ చెయ్యి (ఐదు ముక్కల కూర్పు) దేనికన్నా పెద్దదో చెప్పే జాబితా మాత్రం ఆయన రాసివ్వలేదు. "అరుదుగా వచ్చేదే పెద్దది. లెక్కపెట్టుకోండి" అని కాగితాలు, పెన్సిళ్లు చేతికిచ్చాడు. 52 ముక్కల్లోంచి ఐదు ముక్కల చేతులు 25,98,960 వస్తాయి. ఆ ఒక్క అంకె మాత్రం చెప్పి మిగతావి మాకు వదిలేశాడు. ఒకే అంకె ముక్కలు నాలుగూ రావడం తేలిక లెక్క: 13 అంకెలున్నాయి, ఐదో ముక్క మిగిలిన 48లో ఏదైనా కావచ్చు, మొత్తం 624. ఒకే అంకెవి మూడు, ఇంకో అంకెవి రెండు వచ్చే ఫుల్ హౌస్ దగ్గర నేనూ అన్నయ్యా పోటీపడ్డాం. మూడు ముక్కల భాగం 52 రకాలుగా వస్తుంది, ఒక్కోదానితో జత 72 రకాలుగా కలుస్తుంది, వెరసి 3,744. ఐదూ ఒకే జాతివి వచ్చే ఫ్లష్‌లు 5,108. వరసగా ఐదు అంకెలొచ్చే స్ట్రెయిట్‌లు 10,200. ఫ్లష్ స్ట్రెయిట్‌ని ఎందుకు కొడుతుందో కాగితం మీద కళ్లకి కట్టింది: ఒకటి ఇంకోదానిలో దాదాపు సగమే వస్తుంది. ఒకే అంకెవి మూడు వచ్చేవి 54,912, రెండు జతలు 1,23,552, ఒక్క జత 10,98,240. వరసా జాతీ రెండూ కలిసొచ్చే స్ట్రెయిట్ ఫ్లష్‌లు 40 మాత్రమే. వాటిలో పది నుంచి ఆసు దాకా వచ్చే రాయల్ ఫ్లష్‌లు నాలుగు.

అన్నీ తీసేస్తే మిగిలింది 13,02,540. జత కూడా లేని చేతులు. సగానికి పైనే.

పిన్ని ఆ కాగితం తీసుకుని చాలాసేపు చూసింది. "అంటే నా దగ్గర ఏమీ లేనప్పుడు అవతలివాళ్ల దగ్గర కూడా ఏమీ లేకపోవడానికే అవకాశం ఎక్కువన్నమాట" అంది. బాబాయి ఆవిడ వంక మెచ్చుకోలుగా చూశాడు. బ్లఫ్ గురించి అన్నయ్య అడిగిన ప్రశ్నకి సగం జవాబు అక్కడే దొరికిందని తర్వాతెప్పుడో అన్నాడు. హోల్డెమ్‌లో ఏడు ముక్కల్లోంచి ఏరుకుంటాం కనుక ఈ లెక్కలు మారతాయి. ఏడింటిలో జత కూడా లేకుండా పోయేది వందకి 17 సార్లే. చేతుల పెద్దరికం మాత్రం ఐదు ముక్కల లెక్కనే పట్టుకుని నడుస్తుంది.

ఒక మధ్యాహ్నం బాబాయి కట్టలోంచి పది కన్నా చిన్నవన్నీ తీసేశాడు. మిగిలింది 20 ముక్కలు. పోకర్ మొదట్లో అమెరికాలో, మిసిసిపీ నది పడవల మీద ఆడే రోజుల్లో కట్ట ఇంతేనట. నలుగురు ఆటగాళ్లు, ఐదేసి ముక్కలు, కట్టలో ఇక ఏమీ మిగలదు. మేమూ సరిగ్గా నలుగురమే కదా. ఉమ్మడి ముక్కలు లేవు, మార్చుకోవడాలు లేవు. అందరి చేతిలోనూ ఏదో ఒకటి ఉండేది, జతలకి విలువే లేకుండా పోయింది. ఇక్కడ మొత్తం చేతులు 15,504, అందులో నాలుగూ ఒకే అంకెవి 80. సుమారు 194కి ఒకటి. పూర్తి కట్టలో అదే చెయ్యి 4,165కి ఒకసారి వస్తుంది. స్ట్రెయిట్‌ని లెక్కలోకి తీసుకోని ఆ పాత ఆటలో నాలుగు రాజులూ ఒక ఆసూ పట్టుకున్న మనిషిని ఓడించడం ఎవరివల్లా కాదు, ఎందుకంటే నాలుగు ఆసులు ఇంకొకరి దగ్గర ఉండే వీల్లేదు. ఆ సంగతి అన్నయ్య తనే కనిపెట్టాడు. ఎంత సంబరపడ్డాడో! పూర్తి కట్ట వచ్చాకే ఆటలో బల్ల చుట్టూ ఎక్కువమందికి చోటు దొరికిందనీ, ఏ ముక్క ఎక్కడుందో తెలియని చీకటి పెరిగిందనీ ఆ ఒక్క మధ్యాహ్నంతో అర్థమైంది.

తెరిచి ఆడటంలో మొదట తెలిసొచ్చింది ముక్కలు పడేయడం. చేతికొచ్చే రెండు ముక్కలు 1,326 రకాలు. జాతుల తేడాలు పక్కనపెట్టి చూస్తే 169 రకాలే. వాటిలో ఆడదగ్గవి తక్కువ. రెండు ఆసులు 221 ఆటలకి ఒకసారి వస్తాయి. ఏడు, రెండు వేరువేరు జాతుల్లో వస్తే అంతకన్నా పనికిరాని చెయ్యి లేదంటారు. దాని కారణం కూడా మేమే వెతుక్కున్నాం: రెండూ చిన్నవే, ఒకే జాతివి కావు, పైగా రెండూ కలిసి ఏ స్ట్రెయిట్‌లోనూ ఇమడవు. రెండు నుంచి ఎక్కితే ఆరుతో ఆగిపోతుంది, ఏడు నుంచి దిగితే మూడుతో ఆగిపోతుంది.

పడేశాక ఖాళీగా కూర్చోనిచ్చేది కాదు పిన్ని. కొన్నాళ్లకి ముక్కలు బోర్లించి ఆడటం మొదలయ్యాక, ఆటలోంచి బయటికొచ్చినవాళ్లు మిగిలిన ఇద్దరి దగ్గరా ఏముందో కాగితం మీద రాయాలన్న పద్ధతి ఆవిడే పెట్టింది. ఆట అయ్యాక సరిచూసుకోవాలి. ఫలానా ముక్కలు అని రాస్తే ఒప్పుకునేది కాదు. "అవే ఎందుకు? ఇంకేమేం ఉండొచ్చు, అవన్నీ రాయి" అనేది. బ్లైండ్స్ తర్వాత మొదటి వంతు వచ్చినవాళ్లు రెయిజ్ చేస్తే పెద్ద జతలో, ఆసూ రాజో ఉండొచ్చు. ఫ్లాప్‌లో చిన్న ముక్కలు పడ్డాక వాళ్లు వెనక్కి తగ్గితే, జతలు కొట్టేసి ఆసూ రాజూ అట్టే పెట్టుకోవాలి. విడత విడతకీ జాబితా చిక్కిపోతూ ఉండేది. రివర్ దగ్గరికొచ్చేసరికి మూడో నాలుగో మిగిలేవి. పోకర్‌లో అసలు పని ఇదేనని నా నమ్మకం. ఎదుటివాళ్ల మొహంలో ఏదో కనిపెట్టెయ్యాలని కొత్తవాళ్లంతా అనుకుంటారు. పిన్ని మొహాలకేసి చూసేదే కాదు. ఎవరు ఎప్పుడు ఎన్ని చిప్స్ పెట్టారో చూసేది, అది మర్చిపోయేది కాదు.

బటన్ విలువ కూడా ఆ కాగితాల వల్లే తెలిసింది. ఫ్లాప్ నుంచి బటన్ ముందున్నవాళ్లు అందరికన్నా ఆఖరున మాట్లాడతారు. మిగతావాళ్లు ఏం చేశారో చూశాకే తమ నిర్ణయం. ఒకే రెండు ముక్కలు, జాకీ పది అనుకోండి, బటన్ దగ్గర ఆడదగ్గవి, మొదటి వంతులో పడెయ్యదగ్గవి ఎలా అవుతాయో మొదట్లో అన్నయ్యకి మింగుడుపడలేదు. బాబాయి అవే ముక్కలు అతనికిచ్చి, అదే ఫ్లాప్ వేసి, కుర్చీ మాత్రం మార్చి రెండుసార్లు ఆడించాడు. మొదటి వంతులో కూర్చున్నప్పుడు ప్రతి విడతలోనూ ఏమీ తెలియకుండా తనే ముందు నోరు తెరవాలి. బటన్ దగ్గర అందరూ చెక్ (పందెం కట్టకుండా వంతు వదలడం) అన్నాక చిన్న పందెంతో పాట్ (మధ్యలో పోగైన చిప్స్) మొత్తం తీసుకోవచ్చు, లేదా తనూ చెక్ అని తర్వాతి ముక్క ఊరికే చూడొచ్చు. కుర్చీ మారితే ముక్కల విలువ మారడం ఆ సాయంత్రం కళ్లారా చూశాను. ఇంత పాత సంగతి తలుచుకున్నా ఇప్పటికీ నాకు ఆనందంగానే ఉంటుంది.

లెక్కల్లో నాకు బాగా నచ్చింది నాలుగు, రెండు పద్ధతి. మన చెయ్యి పూర్తి కావడానికి ఎన్ని ముక్కలు పనికొస్తాయో లెక్కపెట్టి, ఇంకా రెండు ముక్కలు రావాల్సి ఉంటే నాలుగుతో, ఒకటే రావాల్సి ఉంటే రెండుతో హెచ్చిస్తే, వందకి ఎన్నిసార్లు వస్తుందో దగ్గరదగ్గరగా తెలిసిపోతుంది. నాలుగు ఆఠీన్లు కనిపిస్తున్నాయంటే మిగిలినవి తొమ్మిది. ఫ్లాప్ దగ్గర తొమ్మిది నాలుగులు 36, అసలు లెక్క 35. టర్న్ దగ్గర తొమ్మిది రెళ్లు 18, అసలు లెక్క 19.6. దీని పక్కన పెట్టి చూడాల్సింది పాట్. పాట్‌లో 40 చిప్స్ ఉన్నాయి, ఎదుటివాళ్లు 20 పెట్టారు. నేను 20 పెడితే 60 గెలుచుకోవచ్చు. నేను పెట్టేది మొత్తం 80లో నాలుగో వంతు, అంటే వందకి 25 సార్లయినా ఆ ముక్క రావాలి. టర్న్ దగ్గర వచ్చేది 20లోపే. కాబట్టి, ముక్క పడ్డాక ఎదుటివాళ్ల నుంచి ఇంకొన్ని చిప్స్ రాబట్టగలనన్న నమ్మకం ఉంటే తప్ప, పడేయాలి. ఇదంతా బల్ల దగ్గర క్షణాల్లో తేల్చుకోవాలి. పిన్ని మనసులో హెచ్చవేసుకుంటున్నప్పుడు బొటనవేలితో చిప్స్ అంచులు మెల్లగా తట్టేది. ఆ చప్పుడు ఆగిందంటే నిర్ణయం అయిపోయినట్టే.

అన్నయ్యకి రెండు ఆసులొచ్చి ఓడిపోయిన రోజు ఒకటుంది. బాబాయి దగ్గర రెండు రాజులు. ముక్కలు పంచగానే ఇద్దరూ రెయిజ్ మీద రెయిజ్ చేసి, ఉన్న చిప్స్ అన్నీ పెట్టేసి ముక్కలు తెరిచారు. రివర్‌లో కళావరు రాజు పడింది. అన్నయ్య బల్ల దగ్గర్నుంచి లేచి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. "ఇదేం న్యాయం బాబాయ్, అంతా సరిగ్గానే చేశాగా" అన్నాడు. గొంతులో నిజమైన బాధ.

బాబాయి గెలుచుకున్న చిప్స్ ముట్టుకోలేదు. "ఇలా రా, చూద్దాం" అని ఆ నాలుగు ముక్కలూ నేల మీద తెరిచిపెట్టి, మిగిలిన 48 కలిపి, ఐదు ముక్కలు వేయించాడు. ఎవరు గెలిచారో నన్ను గీత గీయమన్నాడు. మళ్లీ కలపడం, మళ్లీ ఐదు. నలుగురం నేల మీద చేరి రాత్రి పొద్దుపోయేదాకా అదే పని. కాగితంలో ఆసులవైపు గీతలు గుంపులు గుంపులుగా పెరిగాయి, రాజులవైపు పలచగా. లెక్క ప్రకారం ఆసులు వందకి 82 సార్లు గెలుస్తాయి, మిగతావి దాదాపు అన్నీ రాజులవి. మా గీతలు కూడా ఇంచుమించు అక్కడికే వచ్చాయి. "మళ్లీ ఇవే ముక్కలొస్తే ఏం చేస్తావురా?" అని అడిగాడు బాబాయి. "మళ్లీ అన్నీ పెట్టేస్తాను" అన్నాడు అన్నయ్య, కాగితం మీంచి కళ్లు తీయకుండా. ఆ తర్వాత ఏ ఆట ఓడినా అన్నయ్య గొంతులో అలాంటి బాధ నేను వినలేదు. ఎవరైనా ఒక పిల్లాడికి ఇంతకన్నా ఓపిగ్గా ఒక విషయం చెప్పగా చూడలేదు కూడా.

బల్ల మర్యాదల్లో మాత్రం బాబాయి చాలా గట్టిమనిషి. వంతు రాకుండా నోరెత్తకూడదు, ఎందుకంటే మన మాట విని ముందువాళ్లు తమ నిర్ణయం మార్చుకుంటారు. రెయిజ్ అని నోటితో అంటే అన్నట్టే. చిప్స్ కొన్ని పెట్టి, ఎదుటివాళ్ల కదలిక చూసి, మళ్లీ చెయ్యి వెనక్కి తీసుకెళ్లి ఇంకొన్ని తేవడం కుదరదు. గెలుపు ఖాయమని తెలిసినప్పుడు ముక్కలు తిప్పడానికి సాగదీయకూడదు. పెద్ద చిప్స్ ఎదుటివాళ్లకి కనపడేలా ముందు పెట్టుకోవాలి. ఓడలో ఒకరితో ఒకరికి తగువు రాకుండా నెలల తరబడి ఆడగలిగారంటే ఇవే కారణమన్నాడు.

ఇక బ్లఫ్. అన్నయ్య అన్నాళ్లు ఎదురుచూసిన పాఠం నేర్పింది పిన్ని, అదీ నా మీద.

నా చేతిలో ఆసు, రాణి. ఫ్లాప్‌లో ఆఠీను రాణి, ఆఠీను ఎనిమిది, కళావరు మూడు. పందెం కట్టాను, పిన్ని కాల్ చేసింది. టర్న్‌లో ఇస్పేటు అయిదు. మళ్లీ కట్టాను, మళ్లీ కాల్. రివర్‌లో ఆఠీను రెండు పడింది. మధ్యలో మూడు ఆఠీన్లు. చెక్ అన్నాను. పాట్‌లో 60 చిప్స్ ఉంటే పిన్ని 60 పెట్టింది. చిప్స్ మీద వేలి చప్పుడు లేదు, తొందరా లేదు. పడేశాను. నేర్చుకునేవాళ్లం కనుక అడిగితే చూపించాలన్నది మా ఇంటి ఒప్పందం. చూపించింది: ఇస్పేటు పది, ఇస్పేటు తొమ్మిది. జత కూడా లేదు.

"ఫ్లాప్‌లో జాకీ కోసం చూశాను, అది పడితే స్ట్రెయిట్. టర్న్‌లో కూడా దానికోసమే. పడలేదు. కానీ నీకు కనపడిందేంటి? రెండు ఆఠీన్లున్న చోట రెండుసార్లు కాల్ చేసి, మూడో ఆఠీను పడగానే గట్టిగా కట్టిన మనిషి. నిజంగా ఫ్లష్ వస్తే నేను చేసేది కూడా అక్షరాలా ఇదే కదా అమ్మడూ" అంది పిన్ని. బాబాయి పక్కనుంచి లెక్క చెప్పాడు: పాట్ ఎంతుందో అంత పందెం కట్టే బ్లఫ్ సగం సార్లు పారితే చాలు, పాట్‌లో సగమే కడితే మూడింట ఒకసారి పారినా నష్టం లేదు.

చాలా ఏళ్ల తర్వాత గణిత శాస్త్రవేత్త జాన్ ఫాన్ నాయ్‌మన్ గురించి చదువుతుంటే ఆ సాయంత్రం కళ్లముందుకొచ్చింది. ఎదుటివాళ్ల ఎత్తుల్ని బట్టి నిర్ణయాలు తీసుకోవడాన్ని లెక్కల్లో పెట్టే గేమ్ థియరీకి పునాది వేసిన ఆయన 1928 వ్యాసం వెనక పోకర్ మీద ఆయనకున్న ఆసక్తి కూడా ఉంది. పోకర్‌ని బాగా సులువు చేసి ఆయన కట్టిన నమూనాలో తేలిందేమిటంటే, పందెం కట్టాల్సింది చాలా మంచి ముక్కలతో, చాలా పనికిరాని ముక్కలతో. మధ్యరకం ముక్కలతో ఊరుకోవాలి, ఎందుకంటే అవి పందెం లేకుండానే అప్పుడప్పుడూ గెలుస్తాయి. పిన్ని చేతిలో ఆ రోజు ఎనిమిదుల జత ఉంటే చెక్ అని ముక్కలు తిప్పేసేదే. పది, తొమ్మిది మాత్రం పందెం కట్టకపోతే ఎప్పటికీ గెలవవు. ఫాన్ నాయ్‌మన్ పేరైనా వినకుండానే ఆవిడకి ఆ సంగతి తట్టింది. ఆవిడ నా పిన్ని అయినందుకు నాకెంతో గర్వం.

ఆట ముగిశాక చిప్స్ రంగులవారీగా సర్దుతూ బాబాయి కథలు చెప్పేవాడు. 1876 ఆగస్టు 2న అమెరికాలోని డెడ్‌వుడ్‌లో పేకాడుతూ ఉండగానే కాల్పుల్లో చనిపోయిన వైల్డ్ బిల్ హికాక్ చేతిలో ఆసులూ ఎనిమిదులూ ఉన్నాయని చెప్పుకుంటారు. 1970లో మొదటి వరల్డ్ సిరీస్‌లో విజేతని ఆటగాళ్లే ఓట్లేసి ఎన్నుకున్నారు, ఆయన జానీ మాస్. డాయిల్ బ్రన్సన్ 1976లోనూ 1977లోనూ ప్రధాన పోటీ గెలిచిన ఆఖరి ఆటల్లో రెండుసార్లూ ఆయన చేతిలో ఉన్నవి పది, రెండు. రెండుసార్లూ ఫుల్ హౌస్ అయింది. ఈ కథ విన్న మర్నాడు నలుగురిలో ఎవరికి పది రెండు వచ్చినా పడేయడానికి మనసొప్పేది కాదు. పిన్ని ఒక్కతే ఎప్పట్లాగే పడేసేది.

2019లో ప్లూరిబస్ అనే ప్రోగ్రాం ఆరుగురు ఆడే హోల్డెమ్‌లో ఆరితేరిన ఆటగాళ్లని ఓడించిందని చదివి బాబాయికి ఫోన్ చేశాను. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం, ఫేస్‌బుక్ పరిశోధకులు కలిసి తయారుచేసింది అది. మనుషుల ఆటలేవీ చూడకుండా, తనతో తనే ఆడుకుని నేర్చుకుంది. "తనతో తనే అంటే ఆరు చేతులూ దానికి తెలుసన్నమాట" అన్నాడు. నేర్చుకునేటప్పుడు ఒక్కో ఆట అయ్యాక వెనక్కెళ్లి, ఆ చోట ఇంకోలా ఆడి ఉంటే ఏమయ్యేదో చూసుకుంటుందని చెప్పాను. "మనమూ అదే చేశాంగా నేల మీద కూర్చుని" అన్నాడు. ఎంత సంతోషపడ్డాడో ఆ గొంతులో తెలిసింది.

ఇప్పుడు పిన్నికి హోల్డెమ్ చాలట్లేదు, వచ్చే సెలవులకి పోకర్‌లోనే ఇంకో రకమైన ఒమాహా నేర్చుకుని రమ్మంది. అందులో చేతికి నాలుగు ముక్కలు. మొదటి చేతులే 2,70,725 రకాలు. కచ్చితంగా చేతిలోంచి రెండు, మధ్యలోంచి మూడు తీసుకోవాలి, ఎక్కువా కాదు తక్కువా కాదు. నియమం చెప్పి నాకో ప్రశ్న పంపింది: చేతికొచ్చిన నాలుగూ ఇస్పేట్లే అయితే మంచిదా, రెండే ఇస్పేట్లయితే మంచిదా? కాగితం తీసుకున్నాను. రెండే వాడగలం కనుక మూడో ఇస్పేటు, నాలుగో ఇస్పేటు చేతిలో ఉండీ ఉపయోగపడవు, పైగా కట్టలో రెండు తగ్గిపోతాయి. రెండే ఉంటే కట్టలో 11 మిగులుతాయి, నాలుగుంటే తొమ్మిదే. రెండే మంచివని జవాబు పంపాను. ఇంకో ప్రశ్న వచ్చింది.